గాల్లో గంట దూరం

గంపలో కూర్చుంటే ఎలా ఉంటుందో హారిక ముందురోజే చూసుకుంది. ఇంట్లో అందరూ పందిరి దగ్గర ఉన్నప్పుడు గది తలుపు దగ్గరికి వేసి, పసుపు రాసిన ఆ కొత్త వెదురు గంపలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. సరిగ్గా పట్టింది. తనలో తను నవ్వుకుని, వెనక కిర్రుమన్న వెదురుకి భయపడి గబుక్కున లేచింది.

ఇప్పుడు అదే గంప గౌరీపూజ గదిలో గోడవారగా ఉంది. అంచు చుట్టూ బంతిపూల దండ కుట్టారు. అడుగున గుప్పెడు వడ్లు పోసి, పైన కొత్త తుండు పరిచారు. హారిక చేతిలో కొబ్బరిబోండాం పట్టుకుని పీట మీద కూర్చుంది. బయట గిలకలదిండి రేవు నుంచి వచ్చే గాలికి పందిరి గుడ్డ ఉబ్బుతూ, పడుతూ ఉంది. సన్నాయి ఆగినప్పుడల్లా అవతల కూర్చున్న పెళ్ళికొడుకు ప్రకాష్ దగ్గు వినిపిస్తోంది. అది ఉత్తుత్తి దగ్గని ఆమెకి తెలుసు. నిశ్చితార్థం రోజునా అలాగే దగ్గి పలకరించాడు.

"మీ అన్నయ్య ఎక్కడిదాకా వచ్చాడమ్మా?" అని పంతులుగారు గుమ్మంలోంచి అడిగారు.

"దిగుంటాడండి. కూతురి పెళ్ళి చీరలకని వెళ్ళాడు, హైదరాబాదు నుంచి పొద్దున్న మొదటి ఫ్లైటు. గాల్లో గంటేనంట," అంది హారిక తల్లి కొండమ్మ. ఆ మాట పొద్దుటినుంచి వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది. అన్న శ్రీహరి ఎండన పడి వస్తాడని, చెంబుడు మజ్జిగలో నిమ్మాకు వేసి, మూత పెట్టి, గంప పక్కనే ఉంచింది. ఆయనకి నిమ్మాకు వేస్తేనే ఇష్టం.

ఫోన్ మోగింది. కొండమ్మ చెవి దగ్గర పెట్టుకుని, మరో చెవి వేలితో మూసుకుంది.

"అన్నయ్యా... ఆఁ... మంచా... పైనే తిప్పాడా? ఇప్పుడే దిగావా? మరి... సరేలే. నువ్వేం చేస్తావు. జాగ్రత్త."

ఫోన్ పెట్టేశాక ఆమె కాసేపు అందరి వంకా నవ్వు ముఖంతోనే చూసింది. "ఫ్లైటు లేటంట," అంది.

మేనమామ లేకపోతే పెళ్ళికూతుర్ని గంపలో ఎవరెత్తాలన్న చర్చ గుమ్మంలో మొదలై పందిట్లోకి పాకింది. శ్రీహరి తప్ప కొండమ్మకి తోడబుట్టినవాళ్ళు లేరు. ఇంకెవరైనా పట్టొచ్చా అంటే, అది అరిష్టమని ఒకరు, ఏం కాదని ఒకరు. మూడో మనిషి నోరు తెరిచేలోపు పంతులుగారు గడియారం చూసుకున్నారు.

"అమ్మాయిని నడిపించుకొచ్చేయండమ్మా. ముహూర్తం ఆగదు."

హారిక నడిచింది. తల్లి చెయ్యి పట్టుకుని, పూలదండ కుట్టిన ఖాళీ గంపని దాటుకుని నడిచింది. పందిట్లో ఆడవాళ్ళు మెడలు సాచి వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశారు. ప్రకాష్ తరఫు కుర్చీల్లోంచి ఒక గొంతు, "మేనమామ లేడా ఏం?" అంది. కొండమ్మ వేళ్ళు కూతురి మణికట్టు మీద బిగుసుకున్నాయి. ఆ వేళ్ళ గుర్తులు తలంబ్రాలు పోసే దాకా ఎర్రగా అలాగే ఉన్నాయి.

సాయంత్రం నాగాయలంక వెళ్ళే కారు ఎక్కేముందు హారిక ఏదో మర్చిపోయినట్టు ఆ గదిలోకి వెళ్ళింది. మజ్జిగ చెంబు మీద మూత అలాగే ఉంది.

*

కొత్తగా పెట్టిన మెట్టెలు గచ్చు మీద టక్కుటక్కుమంటుంటే హారికకి ముచ్చటేసింది. అవసరం లేకపోయినా వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి పెరట్లోకి తిరిగింది. అందరి ముందూ ప్రకాష్‌ని "ఏవండీ" అని పిలవాలని అత్తగారు చెప్పారు. పిలిచిన ప్రతిసారీ ఆమెకి నవ్వొచ్చేది. ఎవరూ లేనప్పుడు "బావా" అనే పిలిచేది. అతను రెండింటికీ ఒకేలా తలెత్తేవాడు.

సత్యనారాయణ వ్రతం అయిన మర్నాడు ప్రకాష్ వాళ్ళ పెద్దమ్మ వరండాలో రొయ్యలు ఒలుస్తూ, పక్కింటావిడకి కోడల్ని చూపించింది. "పిల్ల చక్కనిదే. బీయస్సీ చదివింది. ఏమిటో మరి, పుట్టింటివాళ్ళే గంప పట్టలేదు. సొంత మేనమామకే పనికిరాని పిల్లని మావాడు ఏరి కోరి తెచ్చుకున్నాడు."

"ఫ్లైటు లేటయిందంటండి," అంది హారిక.

"అయుంటదిలే అమ్మా." పెద్దమ్మ రొయ్య తల తుంచి గిన్నెలో వేసింది. "అవ్వాలనుకుంటే ఏదైనా లేటవుద్ది."

హారిక మెట్టెల చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం ప్రకాష్ ఆమెని తన పీతల షెడ్డు చూపించడానికి తీసుకెళ్ళాడు. కృష్ణ కరకట్ట దిగువన రేకుల షెడ్డు. తలుపు తీస్తే బురద వాసన, తడి గోనె వాసన. నీళ్ళ తొట్లలో మండపీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ జారుతున్నాయి. ఆమె తల్లి వైపు, తండ్రి వైపు అందరూ సముద్రం మీద బతికినవాళ్ళే అయినా, ఇలా పీతలు విమానం ఎక్కుతాయని ఆమె పెళ్ళి చూపుల రోజునే మొదటిసారి వింది. ఆ రోజు నవ్వాపుకోలేక పైట అడ్డం పెట్టుకుంది.

ప్రకాష్ ఒక పీతని నేల మీద పెట్టి, వీపు మీద కాలి బొటనవేలుతో మెల్లగా నొక్కిపట్టి, తాడు రెండు డెక్కల చుట్టూ తిప్పి వెనక ముడేశాడు. "భయపడకు. వెనకనుంచి పట్టుకుంటే అందదు. ఇదిగో, నువ్వు కట్టు."

హారిక కట్టింది. మొదటి ముడి ఊడింది. రెండోది నిలిచింది. ఆమెకి పట్టలేనంత సంతోషం వేసింది. "చూడు బావా, చూడు," అని దాన్ని అతని ముఖం ముందు ఆడించింది.

"తడి ఆరకుండా చూస్తే రెండు మూడు రోజులు బతుకుతాయి," అన్నాడు అతను, కట్టిన పీతల్ని తడి గోనె పరిచిన పెట్టెలో వరసగా సర్దుతూ. "జనం గాల్లో గంటే కదా అంటారు. గంటేలే. కానీ ఇక్కడ ముడేసిన దగ్గర్నుంచి అక్కడ మూత తీసేదాకా మనది లెక్క. ఇక్కడ్నించి గన్నవరానికి వ్యాను, అక్కడ్నించి హైదరాబాదు, హైదరాబాదులో ఇంకో విమానం మారి కలకత్తా. ఆ మొదటిది లేటైందనుకో, రెండోది దొరకదు. మర్నాడు మూత తీస్తే కంపు."

హారిక చెయ్యి ఆగింది. "అయ్యో. మరి బుధవారం మన పీతలు పోయినట్టేనా? మన పెళ్ళి రోజునే?"

"ఎందుకు పోతాయి?"

"మంచు పడి ఫ్లైటు లేటుగా. హైదరాబాదు నుంచి వచ్చేది. దిగనివ్వకుండా పైనే తిప్పారంట కదా."

ప్రకాష్ నవ్వాడు. "అది లేటై ఉంటే నేను నీకు తాళి కట్టేవాణ్ణా? పీటల మీద కూర్చుని ఫోన్లో అరుస్తూ ఉండేవాణ్ణి. పొద్దున్న వచ్చిన ఆ విమానమే మళ్ళీ హైదరాబాదు వెళ్తుంది. అందులోనే మన పెట్టెలు ఎక్కాయి. నువ్వింకా గౌరీపూజలో ఉన్నావు, మన వ్యాను డ్రైవరు హనోకు ఫోన్ చేశాడు, ఎక్కించేశాను, టైముకే లేచింది అని. కలకత్తాలో ఒక్క పీత కూడా పోలేదు."

అతను ఆ మాట అనేశాక గానీ ఏమన్నాడో అతనికే అర్థం కాలేదు. తలెత్తి భార్య ముఖం చూశాడు.

హారిక కొత్త పీత డెక్కల చుట్టూ తాడు తిప్పుతోంది. ఒక చుట్టు, మరో చుట్టు, ఇంకో చుట్టు.

"అంత బిగించకు. డెక్క ఊడొస్తుంది," అన్నాడు ప్రకాష్.

"మంచు లేదు కదా ఆ రోజు."

"లేదు."

"మావయ్య దిగాడు."

"దిగే ఉంటాడు." అతను పీతని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. "పోనీలే హారికా. పెళ్ళైపోయింది కదా. గంపలో వచ్చినా, నడిచొచ్చినా నా పక్కనే కదా కూర్చున్నావు."

ఆ మాట ఇంకెప్పుడైనా అయితే ఆమెకి రోజంతా సరిపోయేది. ఇప్పుడు వినపడనట్టే లేచి, చేతులు కడుక్కుని, వేళ్ళు వాసన చూసుకుంది.

"ఆదివారం మావయ్య కూతురు వేదశ్రీ పెళ్ళి," అంది. "పెళ్ళికొడుకు తరఫు గుడివాడ వాళ్ళందరూ వస్తారు. చేపల చెరువుల వాళ్ళు, కార్ల వాళ్ళు. వాళ్ళ ముందు మావయ్య చెయ్యి ఊపుకుంటూ తిరుగుతాడు. ఆ తిరుగుతున్నప్పుడు, అందరూ ఉన్నప్పుడు, అడుగుతాను. బుధవారం ఏ విమానంలో వచ్చావు మావయ్యా అని. గట్టిగా అడుగుతాను."

"మరి అత్తయ్య?"

"అమ్మకి ముందు చెప్పను. అన్నయ్యని ఒక్క మాట అననివ్వదు. అందరితో పాటే వింటుంది."

ప్రకాష్ పెట్టె మూత వేసి, దాని మీద చేత్తో రెండుసార్లు తట్టాడు. పీతల్ని పంపించేముందు అలా తట్టడం అతనికి అలవాటు.

*

శనివారం కొత్త దంపతులు గిలకలదిండి వచ్చారు. కొండమ్మ అల్లుడికి పండుగప్ప పులుసు పెట్టి, పక్కన కూర్చుని ముళ్ళు తీసిపెట్టబోతే అతను సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు చూసి నవ్వొచ్చి హారికకి పొలమారింది. మళ్ళీ ఆ ఇంట్లో తన కంచం, తన గ్లాసు, తన కిటికీ చూసుకుంటుంటే ఆమెకి హాయిగా ఉంది. గోడవార గంప మాత్రం అలాగే ఉంది. వాడిపోయిన దండ ఎవరూ తియ్యలేదు. కొండమ్మ అందులో ఉల్లిపాయలు పోసింది.

"వేరే గంప లేదా అమ్మా?"

"ఉత్తగానే ఉందిగా," అంది కొండమ్మ. అటు చూడకుండా అంది.

నాలుగింటికి వీధిలో కారు ఆగింది. శ్రీహరి, ఆయన భార్య ప్రసన్నలక్ష్మి బొట్టు పెట్టి పిలవడానికి వచ్చారు. శ్రీహరి బందరులో ఐసు ఫ్యాక్టరీ పెట్టాక రేవు వైపు రావడం తగ్గించాడు. వచ్చినా చెప్పులు చూసుకుంటూ నడుస్తాడు.

"ఏమ్మా హారికా, కోపమా మావయ్య మీద?" అని నెత్తి మీద చెయ్యేశాడు. "ఏం చెయ్యమంటావు చెప్పు. ఎక్కడానికి టైముకే ఎక్కాను. గంటలో గన్నవరం మీదికొచ్చేశాం. కిందంతా మంచు. ఒకటే తిప్పుడు."

"అయ్యో. ఎంతసేపు తిప్పాడు మావయ్యా?"

"అరగంట పైనే."

"కళ్ళు తిరగలేదా?"

"తిరగవా మరి. పక్కనాయన వాంతి కూడా చేసుకున్నాడు."

"పాపం. మరి దిగాక?"

"దిగాక... ఇక్కడికొచ్చేసరికి ముహూర్తం దాటిపోయేది కదమ్మా. ఆ ముఖం పెట్టుకుని ఎలా రాను? ఇంటికెళ్ళి పడుకున్నాను."

హారిక ప్రతి మాటకీ తలూపుతూ వింది. పీత డెక్క చుట్టూ తాడు తిప్పినట్టు ఒక్కో ప్రశ్నా వేసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే, ఇంకో రెండు ముడులు మిగిలాయనుకుంది. ప్రకాష్ గుమ్మం బయట నిలబడి గొంతు సవరించుకున్నాడు.

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న తండ్రి వెంకటపతి, "మంచా బావా," అన్నాడు. అడిగినట్టు లేదు. వల కుట్టే కండె ఒక కన్ను దగ్గర ఆగి, మళ్ళీ కదిలింది. ఆ బుధవారం తెల్లవారుజామున ఆయనే ఒడ్డున నిలబడి, ఎక్కడో దూరాన ఉన్న పడవల లైట్లు చూస్తూ పళ్ళు తోముకున్నాడు.

"ఇక్కడ కాదులే బావగారూ. గన్నవరం వైపు."

"అన్నయ్య తప్పేముంది," అంది కొండమ్మ, కాఫీ గ్లాసులు ఇస్తూ. "ఆకాశంలో ఆగిపోతే దూకుతాడా? అందరికీ అదే చెప్పాను. నువ్వేం మనసులో పెట్టుకోకన్నయ్యా. వేదశ్రీకి నేను మేనత్తని. రేపు పొద్దున్నే వచ్చేస్తాను."

"రావాలి మరి. మా బావమరిది తేజ బెంగళూరు నుంచి వస్తున్నాడు, గంప పట్టడానికి. రేపు పొద్దున్నే ఫ్లైటు."

"రేపా? ఇవాళే వచ్చేయాల్సింది కదా అన్నయ్యా."

"సెలవు దొరకలేదు. అయినా ఎంత దూరం? గంటన్నర. కాఫీ తాగేలోపు దించేస్తాడు." శ్రీహరి నవ్వాడు. "గుడివాడవాళ్ళకి ఇవన్నీ పట్టింపు. పెళ్ళికొడుకు నాయనమ్మ సీతారావమ్మగారైతే మరీను. మేనమామ గంపలోనే పిల్ల పీటల మీదికి రావాలంది. నడిచొస్తే లేచిపోతానంది."

ఆయన నవ్వుతూ చెప్పాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. కొండమ్మ గంపలోంచి ఒక ఉల్లిపాయ దొర్లిపడితే తీసి మళ్ళీ అందులో వేసింది.

*

ఆదివారం పొద్దున్న నిజంగానే మంచు పడింది. ఆటో లైటు రెండు బారల ముందు కూడా కనపడలేదు. రోడ్డు పక్క తుమ్మచెట్లు ఒక్కొక్కటే ఎదురొచ్చి పోతుంటే హారిక వెంకటగిరి చీర ముడతలు సర్దుకుంటూ, తను అడగబోయే వాక్యాన్ని మనసులో మళ్ళీ మళ్ళీ అనుకుంది. మొదట మరీ పొడుగ్గా ఉండేది. రెండు రోజుల్లో అరిగి అరిగి ఒక్క ముక్క అయింది. బుధవారం ఏ విమానంలో దిగావు మావయ్యా?

బందరులో కళ్యాణమండపం నిండిపోయింది. ద్వారం దగ్గర పన్నీరు, గంధం. లోపల ఎక్కడ చూసినా తెల్ల చామంతులు. హారికకి పూలంటే ఉన్న పిచ్చి కొద్దీ కాసేపు అన్నీ మర్చిపోయి, స్తంభం దగ్గర ఒక చామంతిని వేలితో తాకి చూసింది. నిజమైనదే. అంతలో శ్రీహరి ఎదురుగా వస్తూ కనపడ్డాడు. ఫోన్ చెవికి పెట్టుకుని, ఇంకో చెవి వేలితో మూసుకుని ఉన్నాడు. సరిగ్గా ఆ బుధవారం అమ్మ నిలబడినట్టే.

"దించారా? ఎక్కడ? హైదరాబాదులోనా? అదేంట్రా, హైదరాబాదులో ఎందుకు దించారు?"

గన్నవరం మీద మంచు వల్ల తేజ విమానం దిగలేకపోయింది. కాసేపు తిరిగి, వెనక్కి హైదరాబాదు వెళ్ళిపోయింది. ఈసారి అబద్ధం కాదు. ప్రకాష్ ఫోన్ తెరిచి హారికకి చూపించాడు. తెర మీద చిన్న విమానం గుర్తు, దాని వెనక గన్నవరం మీద గీసిన సున్నాలు.

"నా పీతలు కూడా ఇవాళ ఆగిపోయాయి," అన్నాడు. ఆ బాధలోనూ అతని పెదవి చివర నవ్వు ఉంది.

హారికకి నవ్వు రాలేదు. గంప పెళ్ళికూతురి గది బయట ఉంది. గులాబీ రంగు పట్టు చుట్టి, చుట్టూ మల్లెలు. అది ఖాళీగా ఉంటుంది. వేదశ్రీ నడిచొస్తుంది. అందరూ మెడలు సాచి చూస్తారు. ఆ సంగతి తలుచుకోగానే ఆమెకి చల్లగా, తియ్యగా అనిపించింది. ఇంకా మాట కూడా అడగలేదు. అడిగితే పూర్తవుతుంది.

శ్రీహరి పరుగున వచ్చి వియ్యాలవారి ముందు చేతులు జోడించాడు. ఎర్రంచు చీరలో, చేతికర్రతో ముందు వరసలో కూర్చున్న సీతారావమ్మ విషయం వింది.

"ఫ్లైటు లేటా," అంది. "ఈ విమానాల పేరు చెప్పి అందరూ తప్పించుకుంటారయ్యా."

"నిజమండి. ఒట్టు. మంచు. కావాలంటే ఫోన్లో చూడండి." ఆయన చుట్టూ చూశాడు. ఫోన్ వంక ఎవరూ చూడలేదు. ముహూర్తం దగ్గరపడుతోందని పంతులుగారు మండపం మీద నుంచి చెయ్యి ఊపారు. శ్రీహరి కళ్ళు వరసలన్నీ వెతికి, వెనక కుర్చీలో తెల్ల చొక్కాలో బిగుసుకుని కూర్చున్న వెంకటపతి మీద ఆగాయి.

"ఉన్నాడండి," అన్నాడు. "మా చెల్లెలి మొగుడు. మేనత్త మొగుడు అంటే వరసకి మావయ్యే కదండి. బావగారూ, ఇలా రండి. మీరే పట్టాలి."

సీతారావమ్మ ఆలోచించి తలూపింది. "మావయ్యే. పట్టొచ్చు."

వెంకటపతి లేవబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయాడు. హారిక ముందుకి వచ్చింది. చుట్టూ గుడివాడవాళ్ళు, వీడియో కెమెరా, పూలు. ఇంతకంటే మంచి సమయం రాదు. ఆమె నోరు తెరిచింది.

"ఏమోనమ్మా," అంది సీతారావమ్మ, పక్కనే కుంకుమ పళ్ళెం పట్టుకుని నిలబడిన కొండమ్మతో, ఏదో మాటల్లో పెట్టాలని. "మీ అన్నయ్య విమానమైతే ఎప్పుడూ టైముకే దిగుద్ది. మొన్న బుధవారం చూడు, హైదరాబాదులో పొద్దున్న ఎక్కి, తిన్నగా గుడివాడ మా ఇంటికొచ్చి, వేడివేడి ఇడ్లీ తిన్నాడు. ఉండమంటే ఉండి భోంచేసి మరీ వెళ్ళాడు. చీరలు చూపించడానికంట. ఈ తేజకే ఇలా అవ్వాలా?"

రెండు రోజులు అరగదీసిన వాక్యం హారికకి ఇక అక్కర్లేకపోయింది. ఆమె తల్లి వైపు చూసింది.

కొండమ్మ చేతిలోని పళ్ళెం మెల్లగా పక్క కుర్చీ మీద పెట్టింది. కుంకుమ అంటిన వేళ్ళు చీర చెంగుకి తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా. తర్వాత అన్న వైపు తిరిగింది.

"బుధవారమా అన్నయ్యా?"

శ్రీహరి కళ్ళజోడు తీశాడు. తుడవడానికి జేబులో రుమాలు దొరకలేదు.

"అది... కొండమ్మా... దారిలోనే కదా అని..."

"మా ఆయన నీ కూతుర్ని ఎత్తుతాడు," అంది కొండమ్మ. గొంతు పెంచలేదు. "తప్పకుండా ఎత్తుతాడు. ముందు నువ్వు నా కూతుర్ని ఎత్తు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. కొండమ్మ వెళ్ళి ఆ మల్లెల గంపని రెండు చేతులా ఎత్తి తెచ్చి, శ్రీహరి కాళ్ళ ముందు పెట్టింది. "హారికా, కూర్చో."

"పెళ్ళైన పిల్లని..." అంది ప్రసన్నలక్ష్మి. "పంతులుగారూ, శాస్త్రం ఒప్పుకుంటుందాండీ?"

"శాస్త్రంలో అసలు గంపే లేదమ్మా," అన్నారు పంతులుగారు మండపం మీది నుంచి. "అది మీ ఆచారం. ఏదైనా త్వరగా కానివ్వండి."

పెళ్ళికూతురి గది తలుపు తెరుచుకుంది. వేదశ్రీ బాసికం కట్టుకుని, చేతిలో కొబ్బరిబోండాంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఇదంతా విన్నట్టుంది. తండ్రి వైపు ఒకసారి, హారిక వైపు ఒకసారి చూసింది.

"వదినని తీసుకెళ్ళు నాన్నా. నేను ఆగుతాను," అని, తన చేతిలోని బోండాం తెచ్చి హారిక చేతిలో పెట్టింది.

సీతారావమ్మకి ఇదేదో సరదా అనిపించింది. "ఎత్తవయ్యా శ్రీహరీ. బరువా ఏం?" అని కర్రతో నేల మీద కొట్టింది. గుడివాడ కుర్రాళ్ళు ఫోన్లు తీశారు. వీడియో అతను లైటు తిప్పాడు.

హారిక గంపలో కూర్చుంది. మోకాళ్ళు ముడుచుకుంది. సరిగ్గా పట్టింది. వెనక వెదురు కిర్రుమంది. ఒకవైపు శ్రీహరి వంగాడు. రెండోవైపు పట్టడానికి ఎవరూ లేకపోతే ప్రకాష్ చొక్కా చేతులు మడుచుకుని వచ్చాడు.

"మొగుడు పట్టుకోవచ్చా?" అని ఎవరో ఆడమనిషి అంటే, "జీవితాంతం పట్టుకోవాల్సిందేగా," అని ఇంకెవరో అన్నారు. ఆడవాళ్ళంతా నవ్వారు.

గంప లేచింది. కొంచెం శ్రీహరి వైపు ఒరిగి, మళ్ళీ నిలబడింది. హారికకి ఒక్కసారిగా గుండె ఎగిరినట్టయింది. పైన ఫ్యాన్లు, దండలు, కింద తలలు, అందరి తలలూ, ఎంత కిందో. కోపం మధ్యలోంచి చిన్నపిల్లలాంటి సంతోషం తన్నుకొచ్చి, పైకి నవ్వేసింది. ప్రకాష్ కింది నుంచి చూసి ఉత్తుత్తి దగ్గు దగ్గాడు.

శ్రీహరి కెమెరా కోసం నవ్వుతూ నడుస్తున్నాడు. మెడ నరం ఉబ్బింది. పొద్దున్నే వేసుకున్న తల రంగు చెవి వెనక నుంచి నల్లటి చెమటై దిగుతోంది. ఆ చెవి ఆమె నోటికి జానెడు దూరంలో ఉంది. హారిక వంగింది.

"మావయ్యా," అంది, ఆయనకి తప్ప ఎవరికీ వినపడకుండా. "బుధవారం నువ్వు దిగిన విమానంలోనే మా పీతలు ఎక్కాయి. అన్నీ బతికే చేరాయి."

ఆయన అడుగు తడబడింది. నవ్వు మాత్రం ముఖం మీద అలాగే ఉంది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. మండపం మెట్ల దగ్గరికి రాగానే గంప దించబోయాడు.

"అక్కడే ఆగావేం అన్నయ్యా," అంది ముందు నడుస్తున్న కొండమ్మ, వెనక్కి తిరగకుండానే. "పైనే అరగంట తిప్పాడన్నావుగా. మండపం చుట్టూ మూడు సార్లు తిప్పు."

హాలంతా గొల్లుమంది. ఎందుకు నవ్వుతున్నారో గుడివాడవాళ్ళకి తెలియదు. శ్రీహరికి తెలుసు. ఆయన తిప్పాడు. మొదటి చుట్టులో నవ్వు పోయింది. రెండో చుట్టులో ఊపిరి పైకి వినిపించింది. మూడో చుట్టులో మోకాలు వణికి గంప ఒరిగితే హారిక భయపడలేదు. రెండోవైపు ప్రకాష్ ఉన్నాడు. ఆమె బోండాంని ఒళ్ళో పెట్టుకుని, దండలోంచి ఒక మల్లెపువ్వు తెంపి వాసన చూసింది.

మూడో చుట్టు అయ్యాక దించారు. వెంకటపతి అప్పటికే చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని నిలబడి ఉన్నాడు. వేదశ్రీ వచ్చి గంపలో కూర్చుంది. ఆయన ఒంటిచేత్తో వల లాగినంత తేలిగ్గా తన వైపు ఎత్తాడు. రెండోవైపు మళ్ళీ ప్రకాషే పట్టాడు. సన్నాయి అందుకుంది. ఆమెని పీటల మీద దించేసరికి పంతులుగారి చేతిలో జీలకర్ర బెల్లం సిద్ధంగా ఉంది. ముహూర్తం దాటలేదు.

శ్రీహరి స్తంభానికి ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఊపిరి పీలుస్తున్నాడు. వడ్డనవాళ్ళలో ఒకతను పళ్ళెంలో మజ్జిగ గ్లాసులతో వచ్చాడు. నిమ్మాకు వేసిన మజ్జిగ. కొండమ్మ ఒక గ్లాసు తీసుకుని అన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన తలెత్తి, చెయ్యి చాచాడు.

కొండమ్మ ఆ చేతిని చూసింది. గ్లాసు ఎత్తి, అక్కడే ఆయన ఎదురుగా నిలబడి, చివరి చుక్క దాకా నిదానంగా తనే తాగింది. అడుగున మిగిలిన ఆకుని వేలితో తీసి పక్కన పడేసింది.

"చల్లగా ఉంది," అంది కూతురితో. "నువ్వూ తాగు."